కదలని ముల్లు

ఆ ఇంట్లో పాలు పొంగి పొయ్యి మీద పడినా, ఇస్త్రీ పెట్టె చొక్కాని కాల్చినా, స్నానాలగదిలో బకెట్టు నిండి నీళ్లు గడప దాటినా, ఎవరో ఒకరు ఆ మాట అనకుండా ఉండేవారు కాదు. "ముల్లు చూసుకోలేదా?" అనేవారు. అని నవ్వేవారు. ఆ నవ్వులో కలవని మనిషి ఒక్కతే, చిన్నకోడలు. ఆ మాట పుట్టింది ఆమె మీదే. ఇరవై ఏళ్లు దాటినా దానికి ముసలితనం రాలేదు.

జరిగింది చిన్నదే. మామగారికి ఒక కారుండేది. కొన్ననాటికే పాతది. గుండ్రటి దీపాలు, ముదురాకుపచ్చ రంగు, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినంత చప్పుడు. కొడుకులిద్దరి కంటే ఆ కారంటేనే ఆయనకు ప్రాణం. పెద్దకొడుకు నలభయ్యో పడిలో పడ్డాక కూడా తాళంచెవి కావాలంటే తండ్రి ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. అలాంటి మామగారు చిన్నకోడలికి మాత్రం తనే దగ్గరుండి డ్రైవింగ్ నేర్పించారు. ఆమె గడియారాలు బాగుచేసే మేస్త్రీ కూతురు. "ఈ పిల్లది నెమ్మదైన చెయ్యి" అని నలుగురిలో చెప్పుకున్నారు కూడా. అప్పుడే కొందరికి కడుపులో మండి ఉంటుంది. అది వేరే సంగతి.

ఒకరోజు అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చింది. దారిలో పెద్ద ఎత్తు. బావగారు, అంటే భర్తకు అన్న, కారు బయటికి తీసి, కాసేపు ఇంజను తిప్పి, తాళంచెవి ఆమె చేతిలో పెడుతూ జాగ్రత్తలు చెప్పారు. "హీటు మీటరు చూసుకుంటూ పో అమ్మాయ్. ముల్లు ఎర్రగీత దగ్గరికొస్తే ఆపెయ్" అన్నారు.

ఆమె చూసింది. రోడ్డు కంటే ముల్లునే ఎక్కువ చూసింది. ముల్లు నడిమధ్యన నిలబడి ఉంది. ఎత్తు ఎక్కుతున్నంతసేపూ అక్కడే ఉంది. ఎక్కడం పూర్తవుతుండగా బానెట్ కింద ఏదో కరకరలాడింది, ఆవిరి లేచింది, ఇంజను పట్టేసి కారు నిలువునా ఆగిపోయింది.

"ముల్లు కదల్లేదు మామయ్యగారూ" అంది ఇంటికొచ్చి.

మామగారు ఏదో అనేలోపే బావగారు అందుకున్నారు. "ఎలా కదలదమ్మా? లోపల ఇంజను మాడి బొగ్గవుతుంటే ముల్లు కదలకుండా ఎలా ఉంటుంది? చల్లారాక మళ్లీ మధ్యకొచ్చి ఉంటుంది. నువ్వు చూడలేదని చెప్పు, ఒప్పుకుంటే పోయేదేముంది?"

ఇంజను అంత చల్లారితే ముల్లు మధ్యలో ఎందుకాగుతుంది, అడుగుకి కదా పడిపోవాలి అని ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు. తిలాపాపం తలా పిడికెడు. మామగారు కేకలు వెయ్యలేదు. చెయ్యి చాపారు. ఆమె ఆ చేతిలో తాళంచెవి పెట్టింది. ఆ తర్వాత ఆయన పోయేదాకా ఆ ఇంట్లో ఏ ఆడమనిషికీ బండి తాళం అందలేదు. కారు షెడ్డులో ముసుగు కప్పుకుని కూర్చుంది. మాట మాత్రం ఇల్లంతా తిరిగింది.

బావగారు ఆ కథ చెప్పడంలో చెయ్యి తిరిగినవారు. ఏ పదిమంది చేరినా మొదలుపెట్టేవారు. స్టీరింగ్ పట్టుకున్నట్టు చేతులు పెట్టి, మెడ పక్కకి తిప్పి కొండల అందం చూస్తున్నట్టు నటించేవారు. తోడికోడలు పొట్ట పట్టుకుని నవ్వేది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అన్నారా? చిన్నకోడలు ఏడవలేదు గానీ, ఆ నవ్వు చెవిలో జోరీగలా ఏళ్ల తరబడి తిరిగింది.

వీటన్నిటికంటే అన్యాయం ఇంకొకటుంది. ఆమె తన కళ్లను తనే నమ్మడం మానేసింది. నలుగురూ రోజూ కాదంటుంటే మనిషి ఎన్నాళ్లని గట్టిగా నిలబడుతుంది? ఏమో, ఎదురుగా లారీ వచ్చినప్పుడు చూపు మరల్చానేమో, అత్తగారు వెనక నుంచి ఏదో అడిగితే తల తిప్పానేమో అనుకోవడం మొదలుపెట్టింది. పొయ్యి ఆపి వంటగది దాటాక మళ్లీ వెనక్కొచ్చి చూసేది. తలుపు తాళం వేసి నాలుగు అడుగులు వేశాక తిరిగొచ్చి లాగి చూసేది. డ్రైవింగ్ లైసెన్సు మాత్రం గడువు తీరినప్పుడల్లా రెన్యూ చేయించుకునేది. ఎందుకని అడిగితే గుర్తింపు కార్డుగా పనికొస్తుందని చెప్పేది.

ఇప్పుడు ఆ కారు మళ్లీ బయటికొచ్చింది. భర్త ఉద్యోగం నుంచి రిటైరయ్యాక చేతులు ఊరుకోక ముసుగు తీశాడు. ఏడాది పైగా కుస్తీపట్టి, ఎక్కడెక్కడి నుంచో సామాన్లు తెప్పించి, ఇంజనుకు ప్రాణం పోశాడు. వచ్చే ఆదివారం ఊళ్లో పాత కార్ల ఊరేగింపు. నడపబోయేది ఎవరు? ఇంకెవరు, బావగారే. తండ్రి కారు, పెద్దకొడుకు హక్కు. ఇంజను బాగుచేసినవాడు పక్కన కూర్చుంటాడు, ఆడవాళ్లు వెనక. అంతా ముందే తేలిపోయింది.

"ఈ హీటు మీటరొక్కటి పనిచెయ్యట్లేదు. ముల్లు పట్టేసినట్టుంది. ఇంజను నుంచి వచ్చే గొట్టం కూడా తెగిపోయింది. కొత్త మీటరు పెడదామంటే ఊరేగింపువాళ్లు అన్నీ పాతవే ఉండాలంటున్నారు. నీ చేతిలో పని కదా, చూస్తావా?" అని భర్త ఆ మీటరు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

ముందుగదిలో కిటికీ పక్కన ఆ బల్ల ఉంది. తండ్రి వాడిన పట్టకార్లు, చిన్న స్క్రూడ్రైవర్లు, కంటికి తగిలించుకునే భూతద్దం అన్నీ అక్కడే. వీధిలోవాళ్ల గడియారాలు ఆమే బాగుచేస్తుంది. ఈ మీటరును మాత్రం చాలాసేపు ముట్టుకోలేదు. అరచేతిలో పట్టేంత గుండ్రటి నల్ల ముఖం, తెల్ల అంకెలు, ఒక ఎర్రగీత. ముల్లు నడిమధ్యన. ఆ రోజు ఎలా చూసిందో సరిగ్గా అలాగే. పాత శత్రువు ఎదురొచ్చి పలకరించినట్టయింది.

పొద్దున పనులయ్యాక అంచున ఉన్న ఇత్తడి కట్టును సన్నని కొనతో చుట్టూ కొద్దికొద్దిగా ఎత్తి, అద్దం తీసింది. పట్టకారుతో ముల్లును తాకింది. కదల్లేదు. తుప్పు పట్టిందేమోననుకుని భూతద్దం పెట్టుకుని వంగింది.

ముల్లు కింద, ముల్లుకీ ముఖానికీ మధ్య, ఆవగింజంత బొట్టు ఉంది. ఎర్రగా, గోధుమరంగు కలిసి, మెరుస్తోంది. తుప్పు మెరవదు. కొనతో గీకితే పొట్టులా లేచింది. ఆ పొట్టును సూది మొన మీద పెట్టి అగ్గిపుల్ల మంట దగ్గరికి తెచ్చింది. కరిగింది. వాసన వచ్చింది.

ఆ వాసన ఆ ఇంట్లో తెలియనివాళ్లెవరు? లక్క.

బావగారు పార్సిళ్ల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. జీవితమంతా మూటల మీద లక్క కరిగించి ముద్రలు వేశారు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. కళ్లజోడు విరిగితే లక్క. రేడియో బొత్తం ఊడితే లక్క. గోడ గడియారం పెండ్యులం జారితే లక్క. దాన్ని వదిలించడానికి ఆమెకు ఒక పూట పట్టింది. చెప్పు తెగితే కూడా లక్క పెట్టి, నాలుగడుగులకే అది విడిపోతే చెప్పునే తిట్టిన మనిషి. ప్రపంచంలో లక్కకు అంటుకోని వస్తువు లేదని ఆయన నమ్మకం. ఇంట్లో ఇంకెవరి దగ్గరా ఆ ఎర్రకడ్డీ ఉండేది కాదు. ఉన్నా ఎవరూ ముట్టుకునేవారు కాదు.

ఆమె వేడిచేసిన సూదితో ఆ బొట్టును మెల్లగా వదిలించింది. పట్టు ఊడగానే ముల్లు టక్కున జారి అడుగుకి పడిపోయింది. ఇన్నేళ్లూ పడాలనే చూస్తున్నట్టుంది, పాపం. వెనక వేలాడుతున్న రాగి గొట్టం తిప్పి చూసింది. దారమంత సన్నం. మీటరుకు జానెడు దూరంలో తెగింది. తెగిన మొన మీద కూడా చిన్న లక్క ముద్ద! తెగింది కనబడకుండా అప్పట్లో పైన చుట్టిన నల్లటి గుడ్డపీలిక ఊడి వేలాడుతోంది.

"నేను చూశాను" అంది ఆమె పైకే. గదిలో ఎవరూ లేరు.

ముందు గుండె తేలికయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చూశాను, నేను చూస్తూనే ఉన్నాను, ముల్లు కదల్లేదు, నా కళ్లు బాగానే ఉన్నాయి. ఆ తేలికదనం ఎంతోసేపు నిలవలేదు. ఆ వెనకే అరికాలి మంట నెత్తికెక్కింది. తెలిసీ! తెలిసి తెలిసీ ఆ మనిషి తాళంచెవి చేతిలో పెట్టి, ముల్లు చూసుకుంటూ పో అన్నారే! కదలదని తెలిసిన ముల్లుని చూసుకోమన్నారే! ఆ తర్వాత ఇన్నేళ్లూ మెడ తిప్పి నటించి చూపించారే! బావగారట, బావగారు!

భర్త కూరగాయల సంచితో లోపలికొచ్చేసరికి ఆమె నిలబడే ఉంది. చెప్పింది. చూపించింది. అతను భూతద్దంలోంచి చూశాడు, గొట్టం మొన చూశాడు, లక్క పొట్టు వేలి మీద రాసుకుని చూశాడు. తర్వాత అలవాటైన మాటే నోట్లోంచి వచ్చింది.

"పోనీలే."

"ఏంటి?"

"అదే... ఎప్పటిదో కదా. నాన్నా లేరు, అమ్మా లేదు. అన్నయ్యకి డెబ్భై దగ్గరపడుతున్నాయి. ఇప్పుడు తవ్వి ఏం లాభం? పోనీలే."

"పోనీ అనాల్సింది మీరు కాదు, నేను. పోయింది నాది" అంది.

అతను ఆదివారం అయ్యాక మెల్లగా మాట్లాడదామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. బావగారు స్టీరింగ్ ముట్టుకోకముందే చెప్పాలంది. "మీ అన్నకి మీరే చెప్పండి. నా నోటితో చెబితే మళ్లీ చిన్నకోడలు కట్టుకథ చెబుతోందంటారు. మీరు చెబితే కాదనలేరు. ఇన్నేళ్లలో నా తరఫున మీరొక్క మాట అన్నారా? ఈ ఒక్కటీ అనండి." అతను తల ఊపాడు. అతని తల ఊపడం ఎంత నమ్మదగ్గదో ఆమెకు తెలుసు. గోడ మీద బల్లి కూడా ఊపుతుంది.

మీటరు మాత్రం బాగుచెయ్యాల్సిందే. ఇప్పుడది ఊరేగింపు కోసం కాదు. ఆ ముల్లు కదలాలి, కదిలి చూపించాలి.

ఆ పని ఎలాంటిదంటే, ఇంజను నీళ్లలో మునిగి ఉండే ఇత్తడి బుడ్డిలో ఈథర్ అనే ఇట్టే ఆవిరయ్యే ద్రవం ఉంటుంది. ఇంజను వేడెక్కితే ఈథర్ ఆవిరవుతుంది, ఆ ఒత్తిడి రాగి గొట్టంలోంచి వచ్చి మీటరులో ముల్లును నెడుతుంది. గొట్టం తెగితే ఈథర్ ఎగిరిపోతుంది, అంతే. పాత మీటరుకు కొత్త బుడ్డి దొరకదు. విడిభాగాల దుకాణంలో దొరికే చవక మీటరు కొని, దాని బుడ్డినీ గొట్టాన్నీ కోసి, పాత మీటరు గొట్టానికి అతకాలి. కోస్తే అందులోని ఈథర్ కూడా పోదా? పోతుంది, బుడ్డి వేడిగా ఉంటే. ఉప్పు కలిపిన మంచుగడ్డల్లో ముంచి పెడితే ఈథర్ అడుగున నీళ్లలా చల్లగా పడి ఉంటుంది. అతుకు గట్టిపడేదాకా బుడ్డి మంచులోంచి బయటికి రాకూడదు. వచ్చిందా, పడిన పాటంతా గాలికే.

వంటగది బల్ల మీద బేసిన్ పెట్టారు. మంచు, ఉప్పు. ఈథర్ తొందరగా అంటుకునేది కాబట్టి కిటికీలన్నీ తీశారు, పొయ్యి ఆర్పారు. బుడ్డిని మంచులో కదలకుండా పట్టుకునే పని భర్తది. రెండు చేతులూ బేసిన్‌లో పెట్టి కూర్చున్నాడు.

ఇన్నేళ్ల సంసారంలో భర్త లేచి వెళ్లిపోలేని చోటు ఆమెకు ఇదే దొరికింది.

"మీ అన్నకి ఫోన్ చేశారా?" అంది గొట్టం కోస్తూ.

"చేశా."

"చెప్పారా?"

"ఎండలెలా ఉన్నాయని అడిగాడు. తర్వాత ఊరేగింపుకి టోపీ పెట్టుకోవాలా అని అడిగాడు. ఆ మాటల్లో పడి..."

"టోపీ! ఇన్నేళ్లూ నాకు పెట్టింది చాల్లేదా?"

"అబ్బ, చేతులు మంచులో కొయ్యబారుతున్నాయే, తొందరగా కానియ్."

"కొయ్యబారనీండి. కదిపారంటే చూడండి." రెండు మొనల మీదకూ సన్నని ఇత్తడి తొడుగు జరిపింది. సోల్డరింగ్ కడ్డీ వేడెక్కే ఉంది. "మీ అమ్మగారు ఆ రోజు వెనక సీట్లో ఉన్నారు. నేను రోడ్డు వైపు చూస్తున్నానో, కొండల వైపు చూస్తున్నానో ఆవిడకి తెలియదూ? ఒక్క మాట అనలేదు. మీరు నా పక్కన పడుకునేవారు. మీరైనా ఒక్కసారి, నువ్వు చూశావా లేదా అని అడిగారా?"

"అడగలేదు."

"ఏం?"

"చూడలేదంటావేమోనని" అన్నాడు మెల్లగా.

ఆమె సోల్డరు తీగ తాకించింది. అది వెండిలా కరిగి తొడుగు చుట్టూ పాకింది. ఆ మాట క్షమించాలో, దానికి ఇంకా మండిపడాలో ఆమెకు తెలియలేదు. మండిపడటమే న్యాయమనిపించింది. అసలు భయం అది కాదు, చూశానని చెబితే నమ్మాల్సి వస్తుందని కాబోలు. నమ్మితే అన్నని నిలదియ్యాలి. అంత కష్టం ఎందుకని భార్యని దోషిగా ఉండనిచ్చాడు. పోనీలే మనుషుల మంచితనమంతా ఇదే. బరువు ఎప్పుడూ పక్కవాళ్ల నెత్తిన ఉంటుంది.

"చల్లారింది. తియ్యండి" అంది.

బుడ్డిని గోరువెచ్చని నీళ్లలో పెట్టారు. ముల్లు ఉలిక్కిపడి లేచింది. మరుగుతున్న నీళ్లలో పెడితే చకచకా ఎక్కి, ఎర్రగీత దగ్గర వణుకుతూ నిలబడింది. చన్నీళ్లలో పెడితే దిగింది. ఆమె మళ్లీ మరుగునీళ్లలో పెట్టింది, మళ్లీ తీసింది. భర్త ఎర్రబడ్డ చేతులు తుడుచుకుంటూ నిలబడి చూశాడు. "బాగుంది, చాల్లే" అంటాడేమోననుకుంది. అనలేదు.

ఆదివారం పొద్దున ఊరేగింపు మొదలయ్యే చోట బావగారు టోపీతోనే దిగారు. కళ్లజోడు కీలు దగ్గర ఎర్రటి బొట్టు ఎండలో మెరుస్తోంది. ఆమె చూపు దాని మీదే ఆగింది. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ తట్టి, "నాన్నగారుంటే ఎంత సంతోషించేవారో" అని గొంతు గద్గదం చేసుకుని, తలుపు తీసుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నారు. చిన్నకోడలు భర్త వైపు చూసింది. భర్త గాలి తక్కువైందేమోనన్నట్టు టైరు వైపు చూశాడు.

చెప్పలేదన్నమాట! ఆమె ఒళ్లు మండిపోయింది. అప్పటికప్పుడు నలుగురిలో అరుద్దామనుకుంది. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి, తోడికోడలు లోపల కూర్చుని రమ్మని సీటు తడుతోంది. ఆమె తలుపు లాగి ఎక్కింది. బావగారి భుజం మీదుగా మీటరు సూటిగా కనబడుతోంది. పోనీ, ఆ ముల్లే చెప్పనీ అనుకుంది.

ఊరేగింపంటే నత్తనడక. పది గజాలు కదలడం, ఆగడం, ఎవరో ఫోటో తీసుకోవడం, మళ్లీ కదలడం. ఎండ నెత్తి మీదికొచ్చింది. అలాంటప్పుడు ఏ పాత ఇంజనైనా వేడెక్కుతుంది. బావగారు ఆగినచోటల్లా గొప్ప కోసం యాక్సిలరేటరు తొక్కి గుర్రుమనిపిస్తున్నారు. పేవ్‌మెంటు మీద జనం చప్పట్లు కొడితే టోపీ తీసి ఊపుతున్నారు.

ముల్లు మధ్య దాటింది.

"బావగారూ, కాస్త చూసుకోండి. ముల్లు ఎక్కుతోంది" అంది.

కారు లోపల నవ్వు పుట్టింది. "విన్నావుటే? ముల్లు చూసుకోమని ఎవరు చెబుతున్నారో విన్నావా!" అన్నారాయన భార్యతో. తోడికోడలు అలవాటు కొద్దీ కిసుక్కుమంది.

ముల్లు ఇంకా ఎక్కింది. ఎర్రగీతకు వేలెడు దూరం కూడా లేదు. ఇప్పుడు బావగారు కూడా చూశారు. నవ్వు ఆపి, వేలితో అద్దం మీద టకటకా కొట్టారు. ముల్లు వణికింది గానీ దిగలేదు.

"ఆపండి బావగారూ. ఇంజను పట్టేస్తుంది."

"ఆగమ్మా, గోల! ఇంజనుకేం కాలేదు. మీటరే పాడైంది" అన్నారు విసుగ్గా. "ఏరా, దీన్ని ఎవరికిచ్చి బాగుచేయించావు? చెడగొట్టిపెట్టారు. నాన్నగారి కాలంలో ఈ ముల్లు ఎంత ఎత్తెక్కినా కదిలి ఎరగదు. ఎప్పుడూ నడిమధ్యనే నిలబడేది."

గుమ్మడికాయల దొంగ ఎవరని ఇంకా ఎవరూ అడగనేలేదు. ఆయనే భుజాలు తడుముకున్నారు.

తోడికోడలే ముందు నోరు విప్పింది. "కదలకపోవడమేంటండీ? ఆ రోజు ముల్లు ఎక్కుతుంటే చిన్నది చూడలేదనేగా మీరన్నారు?"

బావగారి మెడ వెనక ఎరుపెక్కింది. "అది... అదంటే... మామూలుగా అంటున్నాను."

"ఇప్పుడు కదులుతుంది బావగారూ" అంది చిన్నకోడలు. "లక్క తీసేశాను."

తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయారాయన. అన్నీ విన్న భర్త, మూడేళ్లకోసారి నోరు తెరిచే మనిషి, చెయ్యి చాపి తనే తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశాడు. కారు జారుతూ వచ్చి రోడ్డు వారన ఆగింది. వెనకవాళ్లు తప్పించుకుని ముందుకు పోయారు. బానెట్ కింద నీళ్లు కుతకుతమంటున్న చప్పుడు వినబడింది.

"రేడియో బిగిస్తుంటే గొట్టం తెగిందమ్మా" అన్నారు బావగారు, అద్దంలోకి కూడా చూడకుండా. "పడిపోయిన ముల్లుని నాన్నగారు చూస్తే చంపేసేవారు, అందుకే నడిమధ్యన అతికించా. నాలుగు రోజుల్లో కొత్తది తెచ్చి మార్చేద్దామనుకున్నా. ఈలోగా నువ్వు తీసుకెళ్లావు."

"తీసుకెళ్లానా? మీరు తాళమిచ్చి పంపారు. ముల్లు చూసుకోమని చెప్పి మరీ పంపారు."

"చెబుదామనే అనుకున్నా. ఆ రోజు నాన్నగారి మొహం చూశాక నోరు పెగల్లేదు."

"నా మొహం చూశారా?" అంది. "మిమ్మల్ని నాలుగు తిట్లు తిడతారని భయపడి నన్ను ఇన్నేళ్లు తిట్టించారు. ఆయన పోయి కూడా ఎన్నాళ్లయింది? అప్పటి నుంచి ఎవరికి భయపడ్డారు? సరే, భయపడ్డారు, చెప్పలేదు. ఆ నటన ఎందుకు? మెడ తిప్పి చూపించడమెందుకు? పాలు పొంగితే ఆ మాట, బకెట్టు నిండితే ఆ మాట. నా కళ్లను నేనే నమ్మడం మానేశాను బావగారూ. తాళం వేసిన తలుపుని మళ్లీ వెళ్లి లాగి చూస్తాను, తెలుసా మీకు?"

తోడికోడలు కిటికీలోంచి బయటికి చూస్తోంది. పొట్ట పట్టుకుని నవ్విన నవ్వులన్నీ ఆమెకు గుర్తొస్తున్నాయో లేదో మరి. మొగుడి వైపు మాత్రం చూడలేదు.

"పోనీలే అమ్మాయ్. అయిపోయిందేదో అయిపోయింది. పెద్దవాణ్ణి..." అన్నారు బావగారు. ఆ మాట ఇంటిపేరులా వాళ్ల రక్తంలోనే ఉంది కాబోలు.

"దిగండి" అంది ఆమె.

ఆయన తమ్ముడి వైపు చూశారు. తమ్ముడు ఏదో ఒకటి అని సర్దుతాడని ఆశ. భర్త కారు దిగి, చుట్టూ తిరిగొచ్చి, అన్న వైపు తలుపు తీసి పట్టుకున్నాడు.

"వెనక కూర్చో అన్నయ్యా" అన్నాడు.

ముల్లు దిగేదాకా ఎదురుచూశారు. ఇంజను చల్లారాక భర్త రేడియేటరులో నీళ్లు నింపి బానెట్ మూశాడు. చిన్నకోడలు ముందు సీట్లో కూర్చుంది. సీటు ముందుకు జరుపుకుంది, అద్దం తన కళ్లకు సరిపోయేలా వంచుకుంది. బావగారు తీయడం మరిచిపోయిన టోపీ డాష్‌బోర్డు మీదుంటే తీసి వెనక్కి అందించింది. క్లచ్ కాలి కింద గుర్తుపట్టినట్టే దిగింది.

ఊరేగింపు వెంట పోలేదు. గాలి తగిలితే ఇంజను చల్లగా ఉంటుందని పక్కవీధిలోకి తిప్పి, ఖాళీ రోడ్డెక్కించి, గేరు మార్చింది. కిటికీల్లోంచి గాలి వచ్చింది. ముల్లు కొంచెం ఎక్కి, కొంచెం దిగి, ప్రాణమున్నదానిలా కదులుతోంది.

ముందు ఎత్తు కనబడింది. వెనక నుంచి బావగారు, ఇన్నేళ్ల అలవాటు నాలుక మీద ఉందేమో, "అమ్మాయ్, ఎత్తొస్తోంది, ముల్లు..." అని అంతలోనే ఆగిపోయారు.

"చూస్తున్నాను బావగారూ" అంది ఆమె, కళ్లు రోడ్డు మీద నుంచి మీటరు మీదికి, మీటరు మీద నుంచి రోడ్డు మీదికి తిప్పుతూ. "ఆ రోజూ చూశాను."